తారీఖు మరిచిపోయింది ఎవరు?

(స్త్రీల ఆరోగ్య హక్కులపై జరిగిన సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



షుగర్ క్లినిక్‌కి రమ్మన్న రోజున రానివాళ్ళ గురించి, వాళ్ళను రప్పించడానికి సెల్‌ఫోన్లకు పంపే సందేశాల గురించి మాట్లాడమని నన్ను అడిగారు. ఇది డాక్టర్లూ కంప్యూటర్ వాళ్ళూ తేల్చుకునే విషయం కదా, మహిళా సంఘానికి ఇందులో ఏం పని అని మీలో కొందరికైనా అనిపించి వుంటుంది. అయితే ఒక్కసారి ఆ సందేశం దారిపట్టి వెళ్ళి చూడండి. అది ఎవరి జేబులో మోగుతుంది, ఏ భాషలో వుంటుంది, దాన్ని ఎవరు చదువుతారు, చదివిన తర్వాత ఆ యింట్లో ఎవరు ఏ పని మానుకుంటే రోగి ఆసుపత్రికి చేరుతుంది? ఈ ప్రశ్నలు అడిగితే మనం ఎప్పుడూ మాట్లాడుకునే విషయాల దగ్గరికే వస్తాం. ఇంటిచాకిరీ, ఆస్తి, చదువు, గోప్యత.

ముందు జబ్బు సంగతి. భారత వైద్య పరిశోధనా మండలి చేయించిన ఇండియాబ్ అధ్యయనం 2023లో వెలువడింది. దేశంలో 10.1 కోట్ల మందికి మధుమేహం వుందని దాని అంచనా. ఈ జబ్బుకు ఒకసారి సూది వేయించుకుని యింటికి పోవడం వుండదు. బతికున్నంత కాలం మాత్రలు వేసుకోవాలి, రక్తం చూపించుకోవాలి, కళ్ళూ కాళ్ళూ మూత్రపిండాలూ పరీక్ష చేయించుకోవాలి. ప్రభుత్వ ఆసుపత్రుల్లో మామూలుగా నెలకు సరిపడా మాత్రలే యిస్తారు. అంటే ఏడాదికి పన్నెండు సార్లు రావాలి. కూలి చేసుకునే మనిషికి పన్నెండు కూళ్ళు పోతాయి. ఒక నెల తప్పితే మాత్రలు అయిపోతాయి. రెండు నెలలు తప్పినా పైకి ఏమీ కనపడదు. ఈ జబ్బులో అన్నిటికన్నా ప్రమాదం అదే. కాలికి తగిలిన దెబ్బ మానకపోతేనో చూపు మసకబారితేనో గానీ తప్పిపోయిన నెలల లెక్క బయటికి రాదు.

అందుకే రానివాళ్ళను గుర్తించి పిలవాలనడంలో తప్పేమీ లేదు. సందేశాలు పనిచేస్తాయా అంటే పనిచేస్తాయి. ఈ మాట నేను దాచను. కొక్రేన్ సంస్థ 2013లో వెలువరించిన సమీక్ష ఒకటి వుంది. ఎనిమిది ప్రయోగాలు, 6,615 మంది. ఏ గుర్తింపూ పంపనప్పుడు నూటికి 67.8 మంది వచ్చారు. సెల్‌ఫోన్ సందేశం పంపితే 78.6 మంది వచ్చారు. మనిషి ఫోన్ చేసి చెబితే 80.3 మంది. ఫోన్ చేయించడం కన్నా సందేశం చవక. ఏ అధికారికైనా ఈ లెక్క నచ్చుతుంది, నచ్చాలి కూడా. పదకొండు మంది అదనంగా రావడం చిన్న విషయం కాదు.

నాకు పేచీ వున్నది మిగిలిన యిరవై ఒక్క మంది దగ్గర. సందేశం అందినా రానివాళ్ళు. వీళ్ళెవరు? రిజిస్టర్లో వీళ్ళ పేరు పక్కన 'డిఫాల్టర్' అని రాస్తారు. డ్వాక్రా సంఘాల్లో పనిచేసిన మనందరికీ ఈ మాట ఎక్కడిదో తెలుసు. అప్పు కట్టనివాళ్ళను అనే మాట. ఆసుపత్రికి రాని మనిషి ప్రభుత్వానికేదో బాకీ పడినట్టు!

గుర్తుచేసే సందేశం వెనుక ఒక నమ్మకం వుంది. రోగి రాలేదంటే మరిచిపోయి వుంటుందని. నేను ఉత్తర తెలంగాణలో బీడీలు చుట్టే ఆడవాళ్ళతో, హైదరాబాదు బస్తీల్లో యిళ్ళల్లో పనిచేసే ఆడవాళ్ళతో ఈ విషయం మీద మాట్లాడుతూ వచ్చాను. తారీఖు మరిచిపోయామని చెప్పినవాళ్ళు చాలా తక్కువ. బీడీలు చుట్టే ఒక పెద్దామె నన్ను కోప్పడినంత పని చేసింది. "యాది లేదని ఎవరన్నరు బిడ్డా? తారీఖు నా నోట్లెనే ఉంది. పొద్దుగాల ఏం తినకుంట రమ్మంటరు. ఇంట్ల అందరికి వండిపెట్టి, మనుమన్ని బడికి పంపి, నేను పొయ్యేసరికి తొమ్మిది దాటుతది. రక్తం తీసుడు అయిపోయింది, రేపు రమ్మంటరు. రేపు బీడీలు అప్పజెప్పాలె. అప్పజెప్పకుంటె ఆకు ఇయ్యరు."

ఈమెకు ఎన్ని సందేశాలు పంపితే ఆ పొద్దు తొమ్మిది కాస్తా ఏడవుతుంది?

ఆమె చెప్పిన వరస జాగ్రత్తగా వినండి. పరగడుపున రావాలి. రక్తం ఇవ్వాలి. ఏదైనా తిని రెండు గంటలు కూర్చోవాలి. మళ్ళీ రక్తం ఇవ్వాలి. రిపోర్టు వచ్చేదాకా ఆగాలి, డాక్టర్ని చూడాలి, మందుల కిటికీ దగ్గర మళ్ళీ వరసలో నిలబడాలి. ఇంట్లో వంట చేసే మనిషి వేరొకరు వున్నవాళ్ళకు, అంటే మగవాళ్ళకు, ఈ ఏర్పాటు బాగానే వుంటుంది. వంట తానే చేసి, అందరికీ వడ్డించి, తాను మాత్రం పరగడుపున బయల్దేరవలసిన స్త్రీ సంగతి ఆలోచించి ఈ వేళలు పెట్టలేదు. పైగా మూడు నెలల సగటు చూపించే హెచ్‌బీఏ1సీ పరీక్షకు పరగడుపున రావలసిన పనే లేదు. తిని వచ్చినా, సాయంత్రం వచ్చినా ఆ పరీక్ష చేయొచ్చు. నిలకడగా వున్నవాళ్ళకు ఆ పరీక్షను ఆధారం చేసుకుని వేళలు మార్చమని అడిగితే ఆసుపత్రివాళ్ళు ఏమంటారో నాకు తెలుసుకోవాలని వుంది.

ప్రయాణం సంగతీ చెప్పాలి. తెలంగాణలో 2023 డిసెంబరు నుంచి, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు నుంచి ఆర్టీసీ బస్సుల్లో స్త్రీలకు టికెట్ లేదు. ఇది నిజమైన మేలు. నేను మాట్లాడిన ఆడవాళ్ళు అందరూ ఒప్పుకున్నారు. కాకపోతే బస్సు చార్జీ మిగిలింది గానీ పూట మిగలలేదు. బస్సు రాని వూళ్ళకు అదీ లేదు.

ఇక ఫోన్ దగ్గరికి వద్దాం. కౌంటర్ దగ్గర చీటీ రాసేటప్పుడు "నంబర్ చెప్పమ్మా" అంటారు. ఆమె ఒక నంబర్ చెబుతుంది. అది ఎవరిదని ఎవరూ అడగరు. భర్తది కావచ్చు, కొడుకుది కావచ్చు. పక్కింటివాళ్ళది యిచ్చినవాళ్ళను కూడా చూశాను. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో తాను స్వయంగా వాడుకునే సెల్‌ఫోన్ వున్న స్త్రీలు నూటికి 54 మంది. అలా ఫోన్ వున్నవాళ్ళలో సందేశాన్ని చదవగలిగినవాళ్ళు 71 శాతం. రెండూ కలిపి చూస్తే నూటికి దాదాపు 38 మంది మాత్రమే తమ ఫోనుకు వచ్చిన సందేశాన్ని తామే చదువుకోగలరు. ఇంకొక మాట. ఆ సర్వే లెక్కలోకి తీసుకున్నది 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలను. షుగర్ క్లినిక్ బల్లల మీద కూర్చునే ఆడవాళ్ళలో ఎక్కువమంది ఆ వయసు దాటినవాళ్ళే. వాళ్ళ లెక్క ఈ 38 కన్నా మెరుగ్గా వుంటుందని ఎవరైనా అనుకుంటారా?

భాష సంగతి చెబితే నవ్వు వస్తుంది, తర్వాత ఏడుపు వస్తుంది. "డియర్ పేషెంట్, యువర్ అపాయింట్‌మెంట్ ఈజ్ డ్యూ" అని ఇంగ్లీషులో వచ్చిన సందేశాన్ని ఒక తల్లి నాకు చూపించి, బ్యాంకు వాళ్ళదనుకుని భయపడ్డానని చెప్పింది. తెలుగులో ఎందుకు పంపరని అడిగితే ఖర్చు అంటారు. అది అబద్ధం కూడా కాదు. ఇంగ్లీషు అక్షరాల్లో ఒక సందేశానికి 160 అక్షరాలు పడతాయి. తెలుగు లిపిలో పంపితే 70 మాత్రమే. అందులోనూ ఒత్తులూ గుణింతాలూ విడివిడిగా లెక్కకొస్తాయి. 'స్త్రీ' అని రాస్తే మనకు ఒక్క అక్షరం, కంప్యూటర్‌కు ఆరు. ఇంగ్లీషులో ఒక సందేశంతో పోయేది తెలుగులో రెండు మూడు సందేశాల ఖర్చవుతుంది. రోగికి అర్థం కాని భాషలో చవకగా పంపడమా, అర్థమయ్యే భాషలో ఖర్చుపెట్టి పంపడమా అన్నది సాంకేతిక ప్రశ్న కాదు. ఆ డబ్బు ఎవరి కోసం ఖర్చు పెడుతున్నారన్నది ప్రశ్న. చదువు రానివాళ్ళకు తెలుగులో రాసినా ఒకటే. వాళ్ళకు గొంతు వినిపించాలి. గర్భిణులకూ బాలింతలకూ కేంద్ర ప్రభుత్వం 2016లో మొదలుపెట్టిన 'కిల్కారి'లో రాతలు పంపరు, ఫోన్ చేసి రికార్డు చేసిన మాటలు వినిపిస్తారు. అంటే ఈ సంగతి ప్రభుత్వానికి తెలియనిదేమీ కాదు.

గోప్యత గురించి మన సంఘాల్లో కూడా తక్కువ మాట్లాడతాం. 'షుగర్ దాచుకునే జబ్బేమీ కాదు కదా' అంటారు. ఎవరికి కాదు? చిన్న వయసులోనే ఇన్సులిన్ మీద బతకవలసి వచ్చిన ఆడపిల్లను అడగండి. ఆమె జబ్బు పేరు పెట్టి ఇంట్లో అందరూ వాడే ఫోనుకు సందేశం పంపితే, పెళ్ళిచూపులకు వచ్చినవాళ్ళ చేతిలో ఆ ఫోన్ వున్నప్పుడు మోగితే? జబ్బు దాచి పెళ్ళి చేయమని నేను అనడం లేదు. ఎప్పుడు, ఎవరికి, ఎలా చెప్పాలో నిర్ణయించుకునే హక్కు ఆ పిల్లది, కౌంటర్ గుమాస్తాది కాదు అంటున్నాను. కొత్తగా పెళ్ళయిన అమ్మాయికి గర్భంతో వున్నప్పుడు షుగర్ కనిపిస్తే అత్తగారింట్లో ఏం మాటలు పడుతుందో మీకు నేను చెప్పాలా? వ్యక్తిగత సమాచార రక్షణకు పార్లమెంటు 2023లో చట్టం చేసింది. సమాచారం తీసుకునేటప్పుడు సమ్మతి అడగాలన్న మాట అందులో వుంది. మన చీటీల కౌంటర్ల దగ్గర ఆ సమ్మతి ఏ రూపంలో వుందో వెళ్ళి చూడండి.

గర్భిణుల మాట వచ్చింది కాబట్టి అక్కడ కాసేపు ఆగుతాను. రానివాళ్ళ సమస్య అన్నిటికన్నా తీవ్రంగా వుండేది ఇక్కడే, అందరూ తక్కువగా మాట్లాడేదీ ఇక్కడే. గర్భిణికి 75 గ్రాముల గ్లూకోజు తాగించి, రెండు గంటల తర్వాత రక్తం చూస్తారు. 140 గానీ అంతకు మించి గానీ వుంటే గర్భకాలపు మధుమేహం అంటారు. ప్రసవమయ్యాక ఆరు వారాలకు మళ్ళీ అదే పరీక్ష చేయాలని కేంద్ర ఆరోగ్య శాఖ మార్గదర్శకాలు చెబుతున్నాయి. ఎందుకంటే ఈ స్త్రీలకు తర్వాతి కాలంలో శాశ్వతంగా షుగర్ వచ్చే అవకాశం మామూలు కన్నా చాలా ఎక్కువ. మరి ఆరు వారాలకు ఆమె ఎక్కడుంటుంది? పుట్టింట్లో. ఫోన్ నంబర్ ఎవరిది? భర్తది, అతను వేరే వూళ్ళో. చేతిలో పసిబిడ్డ. కడుపులో బిడ్డ వున్నన్నాళ్ళు రమ్మని పిలిచినవాళ్ళు, బిడ్డ బయటికి వచ్చాక బిడ్డ టీకాల తారీఖే గుర్తుచేస్తారు. టీకాకు తీసుకొచ్చిన తల్లికి ఆ రోజే, అక్కడే గ్లూకోజు నీళ్ళు తాగించి రక్తం చూడడానికి అడ్డమేమిటి? ఆరో వారం టీకా వుండనే వుంది! ఒకే రోజున తల్లీ బిడ్డా యిద్దరూ వచ్చినా, బిడ్డను ఒక్కదాన్నే చూసి పంపిస్తున్నాం. తల్లి ఆరోగ్యం అంటే గర్భసంచి ఆరోగ్యం అనుకునే వైద్యం యింతకన్నా దూరం చూడదు.

పరిశోధనల గురించి కూడా ఒక మాట. సెల్‌ఫోన్ సందేశాల మీద మన దేశంలో జరిగిన పేరున్న ప్రయోగం ఒకటి 2013లో ప్రచురితమైంది. చెన్నైకి చెందిన డాక్టర్ రామచంద్రన్ బృందం చేసింది. షుగర్ వచ్చే దశలో వున్న 537 మందిని తీసుకుని, సగం మందికి తిండి, వ్యాయామం గురించి సందేశాలు పంపారు. రెండేళ్ళలో సందేశాలు అందినవాళ్ళలో 18 శాతం మందికి, అందనివాళ్ళలో 27 శాతం మందికి మధుమేహం వచ్చింది. మంచి ఫలితం. ఆ 537 మందీ 35 నుంచి 55 ఏళ్ళ మగవాళ్ళు, ఉద్యోగాల్లో వున్నవాళ్ళు. ఈ విషయం ఆ పరిశోధకులు దాచలేదు, వ్యాసం శీర్షికలోనే వుంది. దాన్ని ఉదహరించేవాళ్ళు మాత్రం 'భారతీయుల్లో సందేశాలు పనిచేశాయి' అనేస్తారు. తిండి మార్చుకోమని సందేశం మగవాడి ఫోన్‌కు వచ్చింది సరే, ఆ యింట్లో నూనె తగ్గించి, అన్నం తగ్గించి, కూరలు మార్చి వండింది ఎవరు? మగవాడికి గుర్తుచేసే మనిషి ఇంట్లోనే వుంది. ఆయన మాత్రల డబ్బా ఎక్కడుందో, క్లినిక్ తారీఖు ఏదో ఆమెకు తెలుసు. ముందురోజు రాత్రే చీటీ సంచిలో పెడుతుంది. జబ్బు ఆమెకే వచ్చినప్పుడు ఆ పని ఎవరు చేస్తారు? నేను అడిగిన ప్రతి చోటా ఆడవాళ్ళు నవ్వి వూరుకున్నారు.

ఇంకో ప్రయోగం లండన్‌లోది. అక్కడి బార్ట్స్ హెల్త్ ఆసుపత్రుల్లో, మీరు రాకపోతే ప్రభుత్వ వైద్యసేవకు దాదాపు 160 పౌన్ల నష్టం అని సందేశంలో చేర్చి పంపారు. రానివాళ్ళు 11.1 శాతం నుంచి 8.4 శాతానికి తగ్గారని 2015లో ప్రచురించారు. మన దగ్గర కూడా ఇలాంటి సందేశాలు పెట్టాలని ఒక సమావేశంలో ఒకరు సూచించగా విన్నాను. ఆమె రాకపోతే ఆసుపత్రికి ఎంత నష్టమో రాస్తారట. ఆమె వస్తే ఆమెకు పోయే కూలి ఎంతో కూడా ఆ పక్కనే రాస్తారా?

సందేశానికి స్పందించనివాళ్ళ జాబితా చివరికి ఎవరి చేతికి వెళుతుంది? ఆశా కార్యకర్త చేతికి. ఆమెను 2005 నుంచీ 'స్వచ్ఛంద కార్యకర్త' అనే అంటున్నారు. జీతం అనరు, పారితోషికం అంటారు. యంత్రం పంపిన సందేశం పనిచేయని చోట ఆమె కాళ్ళు పనిచేయాలి. తన ఫోన్‌తో, తన రీచార్జితో పిలుస్తుంది. రానివాళ్ళు తగ్గితే సందేశాల పథకం గెలిచినట్టు, పెరిగితే ఆశా సరిగా పనిచేయనట్టు. సందేశాల ఖర్చు లెక్కవేసేటప్పుడు ఆశా తిరిగిన గంటలు అందులో కలపకపోతే ఆ చవక అంతా ఒక స్త్రీ జేబులోంచి తీసిందే.

ఇంతకుముందు మనకు ఏ సందేశమూ లేకుండా నడిచిన ఏర్పాటు ఒకటి వుంది. ఉమ్మడి రాష్ట్రంలో 104 బండి నెలకోసారి చెప్పిన రోజున వూరి నడుమకు వచ్చి ఆగేది. బీపీ, షుగర్ మాత్రలు అక్కడే యిచ్చేవాళ్ళు. మందులు లేని నెలలూ, బండి రాని నెలలూ వుండేవి. దాన్ని స్వర్ణయుగమని చెప్పను. అయినా '104 బండి రోజు' అని ముసలమ్మలు సంత రోజులా గుర్తుపెట్టుకున్నారు. తెలంగాణలో 2022లో ఆ బళ్ళు ఆపేశారు. మన పొదుపు సంఘాల సమావేశాలే చూడండి. అక్కడ జరిమానా భయం వుంది, నిజమే. అయితే ఆ సమావేశం వూళ్ళోనే వుంటుంది. పనులు ముగిసిన వేళకు, అందరికీ తెలిసిన రోజున వుంటుంది. రావడానికి వీలుగా వుంటే జ్ఞాపకం దానంతట అదే వుంటుంది.

కాబట్టి సందేశాలు వద్దని మనం అనకూడదు. మరిచిపోయేవాళ్ళూ వున్నారు, వాళ్ళకు అవి కావాలి. ఆ సందేశం మాట్లాడడం మాత్రమే కాక వినడం కూడా నేర్చుకోవాలని అడుగుదాం. ఇప్పుడది ఒకవైపు నుంచే వస్తుంది. ఆ నంబర్‌కు తిరిగి ఫోన్ చేస్తే ఎవరూ ఎత్తరు. 'ఆ రోజు రాలేను, ఇంకో రోజు యివ్వండి' అని చెప్పే వీలు రోగికి వుండాలి. అలా చెప్పిన మనిషి పేరు డిఫాల్టర్ల జాబితాలోకి పోకూడదు. సందేశంలో జబ్బు పేరు వుండకూడదు. నంబర్ తీసుకునేటప్పుడు అది ఎవరిదో, దానికి పంపవచ్చో లేదో అడగాలి. వద్దంటే ఆశా ద్వారా చెప్పించాలి, ఆశాకు ఆ పనికి డబ్బు యివ్వాలి. వారంలో ఒక సాయంత్రమైనా షుగర్ క్లినిక్ తెరవాలి. షుగర్ నిలకడగా వున్నవాళ్ళకు రెండు మూడు నెలల మాత్రలు ఒకేసారి యిస్తే సగానికి పైగా సందేశాల అవసరమే వుండదు. ఇదొక్కటి చేసినా చాలా మార్పు వస్తుందని నా అభిప్రాయం. మందుల నిల్వ చాలదన్నది వాళ్ళ జవాబు. అయితే సమస్య నిల్వదని ఒప్పుకోండి, ఆడవాళ్ళ మతిమరుపుదని అనకండి.

మీరు మీ మండలాలకు వెళ్ళాక ఒక పని చేయండి. దగ్గర్లోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళ్ళి, పోయిన మూడు నెలల్లో షుగర్ క్లినిక్‌కి రానివాళ్ళలో ఆడవాళ్ళెందరో మగవాళ్ళెందరో విడిగా లెక్క యిమ్మని అడగండి. పేర్లు అడగవద్దు, నంబర్లు రాసుకోవద్దు. నేను చూసిన రిజిస్టర్లలో ఆడ, మగ అన్న గడి వుంది గానీ రానివాళ్ళను అలా విడదీసి కూడినట్టు ఎక్కడా కనిపించలేదు. యివ్వకపోతే సమాచార హక్కు చట్టం కింద అర్జీ పెట్టండి, ఆ నమూనా మన కార్యాలయంలో వుంది. ఆ తర్వాత మీ సంఘంలో షుగర్ వున్న ఆడవాళ్ళను కూర్చోబెట్టి ఒక్కటే అడగండి: పోయిన నెల వెళ్ళలేదంటే ఆ పొద్దు ఏం చేస్తున్నారు? వాళ్ళు చెప్పింది చెప్పినట్టు రాసుకుని రండి. వచ్చే సమావేశంలో జిల్లా వైద్యాధికారి ముందు ఆ కాగితాలే చదువుదాం.